వాయిదాలు తీరకముందే పగిలితే

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



చరిత్ర అనగానే మనకు రాజులూ, కోటలూ, యుద్ధాలూ గుర్తుకొస్తాయి. ఈవేళ నేను చెప్పబోయేది మాత్రం ఒక పగిలిన ఫోనుతో మొదలై, ఒక కుట్టుమిషను దగ్గరకు వెళ్ళి, మళ్ళీ ఆ ఫోను దగ్గరికే వచ్చే చరిత్ర. ఇదీ ఒక చరిత్రేనా అనుకోకండి. నెలనెలా వాయిదాలు కట్టే ఇల్లాళ్ళకు ఇది చరిత్ర అవునో కాదో బాగానే తెలుస్తుంది.

మా అక్క కూతురు లలిత దిల్‌సుఖ్‌నగర్‌లో వుంటుంది. ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది, మగ్గం పని చేయించి ఇస్తుంది. ఈ రోజుల్లో ఆ పనికి కత్తెర ఎంత అవసరమో ఫోనూ అంతే అవసరం. మెడ డిజైన్లు, కొలతలు, "రేపటికల్లా కావాలక్కా" అనే బతిమాలడాలు, అన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. డబ్బు కూడా ఫోనులోకే వచ్చి పడుతుంది. అలాంటి ఫోను సరిగ్గా శ్రావణమాసానికి ముందు, ఆర్డర్లు ముమ్మరంగా వున్న రోజుల్లో, వంటింటి గట్టుమీంచి జారి పడింది. అద్దం సాలెగూడులా బీటలువారింది. సగం తెర నల్లబడిపోయింది.

ఫోను ఖరీదు 18,000 రూపాయలు. నెలకు 1,500 చొప్పున 12 వాయిదాలు. అయిదు కట్టింది, ఏడు మిగిలాయి. కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే తెర మార్చడానికి 6,200 అవుతుందన్నారు. గ్యారంటీ ఏడాదిపాటు వుందిగదా అంటే, కింద పడి పగిలినదానికి వర్తించదన్నారు. పక్కనే వున్న ఫోన్ల దుకాణం అబ్బాయి మాత్రం ఎంతో ఆప్యాయంగా, "ఎందుకమ్మా పాతదానికి ఆరువేలు తగలేస్తారు? ఇది నాకిచ్చెయ్యండి, 1,500 తగ్గిస్తాను. ఇదే ధర కొత్తది 16,500కే వస్తుంది. నెలకు 1,375. ఇప్పుడు మీరు కట్టే వాయిదాకన్నా తక్కువే!" అన్నాడట.

సాయంత్రం నేను వెళ్ళేసరికి ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. అల్లుడు కాగితం మీద లెక్క వేసి నాకు చూపించాడు. "అత్తయ్యగారూ, మీరే చెప్పండి. మిగిలిన వాయిదాలు 10,500. బాగుచేయించడానికి 6,200. మొత్తం 16,700. కొత్తది 16,500కే వస్తోంది. రెండు వందలు తక్కువకే కొత్త ఫోను వస్తుంటే, ఎవరన్నా పగిలినదాన్ని పట్టుకుని వేళ్ళాడతారా?"

కూడికల్లో తప్పులేదు. లలిత నా మొహంకేసి చూసింది. నాకూ వెంటనే ఏమీ తోచలేదు గాని, ఎక్కడో ఏదో కిటుకు వుందనిపించింది. "ఇంత తొందరేముంది, రేపటిదాకా ఆగండి" అన్నాను. లలిత కుట్టుకునే మిషను ఆ గదిలోనే, కిటికీ పక్కన వుంది. అది మా అమ్మది. దాన్ని చూస్తుంటే నాకు తెనాలి గుర్తొచ్చింది.

1969లో, నేను ఆరో క్లాసు చదువుతుండగా, మా అమ్మ ఆ మిషను వాయిదాల మీద కొన్నది. నెలకు ఇరవై రూపాయలు. ప్రతినెలా మొదటివారంలో ఒకాయన సైకిలు మీద వసూలుకు వచ్చేవాడు. వాయిదాలు సగంలో వుండగా మిషను మొరాయించింది. దారం తెగిపోవడం, కుట్టు ఎగిరిపోవడం. "నెలనెలా ఇరవై రూపాయలు ఈ ఇనపముక్కకు పోస్తున్నాం" అని నాన్నగారు కేకలేశారు. వసూలాయన వచ్చాడు. సంచిలోంచి స్క్రూడ్రైవరు, నూనెడబ్బా తీసి, షటిలు విప్పి, అరిగిన ముక్క మార్చి, ఒక పాతగుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి చూపించాడు. ఆ తరవాతే రసీదు పుస్తకం బయటకు తీశాడు. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. ఎంత మంచివాడో అని మేమంతా అనుకున్నాం.

మంచివాడే, కాదనను. కాని ఇప్పుడు ఆలోచిస్తే అది మంచితనం ఒక్కటే కాదనిపిస్తుంది. మిషను నడిస్తేనే అమ్మ నాలుగు జాకెట్లు కుడుతుంది. కుడితేనే ఆయన ఇరవై రూపాయలు ఆయనకు వస్తాయి. మిషను మూలపడితే అమ్మకు ఎంత నష్టమో ఆయనకూ అంత నష్టం.

అసలు సామాన్య సంసారాలకు వాయిదాల పద్ధతిని పెద్దయెత్తున అలవాటు చేసింది కుట్టుమిషనే. 1850ల్లో అమెరికాలో సింగర్ మిషను ధర 125 డాలర్లు. సాధారణ కుటుంబానికి ఏడాది మొత్తానికి వచ్చేది 500 డాలర్లు. ఏడాది రాబడిలో నాలుగోవంతు పోసి మిషను కొనేదెవరు? సింగర్ వ్యాపారంలో భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ అనే లాయరు 1856లో ఒక వుపాయం కనిపెట్టాడు. ముందు కొంచెం ఇచ్చి మిషను ఇంటికి తీసుకుపొండి, మిగిలింది నెలనెలా ఇవ్వండి అన్నాడు. 1855లో ఆ కంపెనీ అమ్మింది 883 మిషన్లు. 1856లో 2,564. ఏడాదిలో దాదాపు మూడింతలు!

గాంధీగారు యంత్రాలను అంతగా విమర్శిస్తూ కూడా కుట్టుమిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే శ్రమ చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన నమ్మకం. సింగర్‌గారి సంసారం సంగతి చదివినవాళ్ళు మాత్రం కొంచెం నవ్వుకుంటారు. ఆయనకు ఒక్క సంసారం కాదు, పిల్లలే ఇరవైమందికి పైగా. సరే, అది వేరే కథ.

సింగర్ కంపెనీ మనుషులు ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. మిషను అమ్మేదీ వాళ్ళే, కుట్టడం నేర్పేదీ వాళ్ళే, వాయిదా వసూలు చేసేదీ, చిన్నచిన్న రిపేర్లు చూసేదీ వాళ్ళే. మన దేశానికి కూడా 19వ శతాబ్దం చివరికల్లా ఈ మిషన్లు వచ్చేశాయి. బొంబాయిలో పటేల్ అనే పారశీ వ్యాపారి ఏజెంటుగా వుండేవాడు. తరవాత 1930ల్లో కలకత్తాలో మన ఉషా మిషన్లు తయారుకావడం మొదలయింది. తెనాలిలో మా ఇంటికి సైకిలు మీద వచ్చిన ఆ వసూలాయన, తనకు తెలియకపోయినా, ఆ పాత పద్ధతిలోని మనిషే.

ఇంకో సంగతి వినండి. వాయిదాలు కనిపెట్టిన ఆ క్లార్కే పాత మిషనుకు మార్పిడి కూడా కనిపెట్టాడు. ఏ కంపెనీ పాత మిషను తెచ్చినా సరే, 50 డాలర్లు తగ్గించి కొత్తది ఇచ్చేవారు. మనకూ మార్పిడి కొత్తదేమీ కాదు. పాత చీరలూ పంట్లాములూ ఇచ్చి స్టీలు గిన్నె తీసుకుని, "ఈ జరీచీర ఒక్కటే చాలు నీ గిన్నెకు" అని వీధిగుమ్మంలో గంటసేపు బేరమాడని ఇల్లుందా? కాని ఆ గిన్నెలమ్మాయి మన చీరలు తీసుకుపోయి మళ్ళీ ఎవరికో అమ్ముకునేది. వాటికి ఇంకో బతుకుండేది. సింగర్ కంపెనీ తీసుకున్న పాత మిషన్లను పగలగొట్టించేసేది! పాత మిషన్లు బజారులో తక్కువ ధరకు దొరికితే కొత్తవి ఎవరు కొంటారు? అంత డబ్బు తగ్గించి ఇచ్చేది మనమీద ప్రేమతో కాదని, పాతవస్తువు మన ఇంట్లోంచి కదలాలని, అప్పుడే తెలిసిపోవాలి.

ఇక వాయిదా మధ్యలో వున్న వస్తువు ఎవరిది అనే ప్రశ్న. దీనిమీద ఇంగ్లండులో 1895లో పెద్ద తగాదా నడిచింది. హెల్బీ అనే ఆయన దగ్గర ఒకాయన పియానో తీసుకున్నాడు. నెలకు పదిన్నర షిల్లింగుల చొప్పున 36 వాయిదాలు. మధ్యలో చేతిలో డబ్బాడలేదు కాబోలు, ఆ పియానోను తాకట్టు కొట్టువాడి దగ్గర పెట్టేశాడు. పియానో నాదంటే నాదని హెల్బీ, ఆ తాకట్టు వ్యాపారి మాథ్యూస్ కోర్టుకెక్కారు. అది ఇంగ్లండులోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. చివరి వాయిదా కట్టేవరకూ పియానో హెల్బీదేనని తీర్పు వచ్చింది. తీసుకున్నవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి ఇచ్చేసి, అక్కణ్ణించి వాయిదాలు ఆపుకోవచ్చు గనక, అది అద్దె కిందే లెక్క అన్నారు.

మన ఫోను అలాకాదు. దుకాణంలో బిల్లు లలిత పేరు మీదే వేశారు. ఫోను ఆ రోజునుంచే ఆమెది. దుకాణంవాడికి రావలసిన డబ్బంతా ఒక ఫైనాన్సు కంపెనీ అతనికి ఇచ్చేసింది. లలిత కట్టేది ఆ ఫైనాన్సు కంపెనీకి. అంటే అమ్మినవాడు ఒకడు, అప్పిచ్చినవాడు ఒకడు, బాగుచేసేవాడు మూడోవాడు. మా అమ్మ విషయంలో ఈ ముగ్గురూ ఒకే సైకిలు మీద వచ్చేవారు! ఇప్పుడు ఫోను పగిలితే అమ్మినవాడికి నష్టం లేదు సరిగదా, ఇంకొకటి అమ్ముకోవచ్చు. అప్పిచ్చినవాడికి ఫోను పనిచేస్తోందా లేదా అక్కరలేదు, తేదీకి వాయిదా పడితే చాలు. కొన్ని ఫోన్లలోనైతే వాయిదా తప్పితే ఫోనే తాళం పడిపోయే ఏర్పాటు కూడా చేస్తున్నారు. వసూలుకు సైకిలు కూడా అక్కరలేదన్నమాట.

"వడ్డీ లేని వాయిదా" అనే మాట కూడా నమ్మకండి. రొక్కమిస్తే ఎంత తగ్గిస్తారో ఒకసారి అడిగి చూడండి, ఆ తగ్గింపులోనే వడ్డీ దాక్కుని వుంటుంది. 2013 సెప్టెంబరులో మన రిజర్వు బ్యాంకే, సున్నా వడ్డీ అనేది అసలు లేనేలేదని బ్యాంకులకు చెప్పింది.

టెలిఫోను చరిత్రలోనైతే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అమెరికాలో గ్రాహంబెల్ కంపెనీ మొదటినుంచీ ఫోన్లు అమ్మలేదు, అద్దెకిచ్చింది. ఫోను అడుగున "బెల్ కంపెనీ ఆస్తి, అమ్మకానికి కాదు" అన్న అర్థం వచ్చే ముద్ర వుండేది. రిపేరు ఖర్చు కంపెనీదే. మరి రిపేరు తన నెత్తిన పడేటప్పుడు ఎవరైనా పెళుసు వస్తువు చేస్తారా? అందుకే ఆ ఫోన్లు రోకలిబండల్లా వుండేవి. కిందపడితే నేలకే దెబ్బ. 1984 జనవరి 1న ఆ పెద్ద కంపెనీని ముక్కలు చేశారు. ఆ రోజులకల్లా జనం దుకాణాల్లో సొంతంగా ఫోన్లు కొనుక్కోవడం మొదలుపెట్టారు. చవకవి, తేలికవి, ఇట్టే పాడయ్యేవి.

మన దేశంలోనూ అంతే. బెంగుళూరులో 1948లో పెట్టిన ఐ.టి.ఐ. ఫ్యాక్టరీ తయారుచేసిన ఆ నల్లటి బరువైన ఫోను గుర్తుందా? అది డిపార్టుమెంటువారిది. "మీ టెలిఫోను మీరే సొంతం చేసుకోండి" అని పేరున్న పథకం కింద పెద్ద డిపాజిట్టు కట్టినవాళ్ళకు కూడా పరికరం సొంతం కాదు! చెడిపోతే కంప్లయింటు రాయించడం, లైన్‌మన్ కోసం ఎదురుచూడడం. అదేదో స్వర్ణయుగమని నేననను. కనెక్షను కోసం ఏళ్ళతరబడి కాచుకోవడం, వాన కురిస్తే లైను మూగపోవడం, పండగ మామూళ్ళు, అన్నీ మనం పడ్డవే. కాని ఫోను పగిలితే ఎవరు బాగుచేయాలి అనే ప్రశ్న మాత్రం అప్పట్లో ఎవరికీ రాలేదు.

మన దేశంలో సెల్‌ఫోను 1995 జూలై 31న మాట్లాడింది. కలకత్తానుంచి జ్యోతిబసు, ఢిల్లీలో సుఖ్‌రామ్. నిమిషానికి 16 రూపాయల దాకా అయ్యేది, వచ్చిన కాల్‌కూ డబ్బే. అందుకని చాలా ఏళ్ళు అది మన వంటింటి దాకా రాలేదు. 2003 వానాకాలంలో రిలయన్స్ వారు 501 రూపాయలు కట్టండి, ఫోను పట్టుకుపొండి, మిగిలింది నెలనెలా కట్టండి అన్నప్పుడు మాత్రం జనం విరగబడ్డారు. ఆ ఫోను ఇంకో కంపెనీకి పనికిరాదు. మధ్యలో చెడిపోతే, కట్టాల్సినవి అలాగే వుంటాయి. మరి జనమేమైనా తక్కువా? చాలామంది వాయిదాలు ఎగ్గొట్టారు. సింగర్ మనిషిలా ఇంటికి వచ్చి ఫోను బాగుచేసి డబ్బడిగేవాడు లేకపోతే, ఫోను మూలపడ్డ రోజునే డబ్బూ ఆగిపోతుంది మరి.

అదే 2003లో నోకియా 1100 వచ్చింది. టార్చిలైటున్న ఆ బుల్లిఫోను ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. వెనక రేకు గోటితో తీయవచ్చు. బ్యాటరీ వుబ్బితే కిళ్ళీకొట్టు పక్కన కొత్తది కొనుక్కుని వేసుకోవచ్చు. 2007లో నోకియావారు, మా బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షలు వేడెక్కే ప్రమాదం వుంది, నెంబరు చూసుకుని మార్చుకోండి అని ప్రకటిస్తే, మన ఇళ్ళల్లో పదేళ్ళ పిల్లలు కూడా రేకు తీసి నెంబరు చదివారు. హైదరాబాదు అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్టు ఆ రోజుల్లోనే ఫోన్ల ఆస్పత్రిలా పెరిగింది. మూరెడు బల్ల, ఒక భూతద్దం, ఒక సోల్డరింగు కడ్డీ. కళాయి వేసేవాళ్ళూ, గొడుగులు బాగుచేసేవాళ్ళూ, రఫూ పనివాళ్ళూ మన వీధుల్లోంచి తగ్గిపోతున్న కాలంలో, ఆ విద్యే ఇంకో రూపంలో ఆ బల్లల మీదకు వచ్చిందనిపిస్తుంది నాకు.

సరిగ్గా ఆ 2007లోనే అమెరికాలో ఐఫోను వచ్చింది. దాని బ్యాటరీ గోటితో వూడిరాదు. కొన్నాళ్ళకు అందరూ అదేబాట పట్టారు. అద్దం, దానికింద తాకితే పనిచేసే పొర, దానికింద బొమ్మ కనిపించే పొర, మూడూ కలిపి అంటించేశారు. అందుకే పైన అద్దం ఒక్కటి పగిలినా మొత్తం మార్చాలి. బజారులో దాన్ని కాంబో అంటారు. మన లలిత ఫోనుకు 6,200 అన్నది దానికే.

అమెరికాలో ఇంకో చిత్రం జరిగింది. 2008లో అక్కడి ఐఫోను 199 డాలర్లకే ఇచ్చారు, కాకపోతే రెండేళ్ళు వాళ్ళ కనెక్షనే వాడతానని ఒప్పందం రాయాలి. ఫోను అసలు ధరలో మిగిలిన భాగం నెలబిల్లులో కలిసిపోయి వుండేది. మధ్యలో పగిలిందా, కొత్తదానికి ఆ తక్కువ ధర ఇవ్వరు, పూర్తి ధర కట్టాలి. ఒప్పందం వదులుకుంటానంటే జరిమానా. పోనీ రెండేళ్ళూ జాగ్రత్తగా వాడితే లాభమా? అదీ లేదు. ఫోను బాకీ తీరిపోయినా నెలబిల్లు పైసా తగ్గదు! జాగ్రత్తగా వాడేవాడే నష్టపోయే ఏర్పాటది. దాంతో రెండేళ్ళు కాగానే ఫోను మార్చెయ్యడం అక్కడ ఆచారమైపోయింది. 2013లో టి-మొబైల్ కంపెనీ ఫోను ధర వేరు, కనెక్షను ధర వేరు అని విడదీసి చూపించాక గాని చాలామందికి ఆ లెక్క కళ్ళబడలేదు.

బాగుచేసుకోవడం చవకైతే జనమేం చేస్తారో తెలుసుకోవాలంటే 2018 సంగతి చూడాలి. బ్యాటరీ పాతబడ్డ ఫోన్లను తామే నెమ్మదిగా నడిచేట్టు చేశామని 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ ఒప్పుకుంది. పెద్ద గొడవయింది. దాంతో బ్యాటరీ మార్చడానికి 79 డాలర్లు తీసుకునేది ఒక ఏడాదిపాటు 29కి తగ్గించారు. ఏడాది తిరిగేసరికి, 2019 జనవరి 2న, ఆ కంపెనీ అధిపతి టిమ్ కుక్ పెట్టుబడిదారులకు వుత్తరం రాశాడు. అనుకున్నంత రాబడి రాలేదన్నాడు. చైనాలో వ్యాపారం మందగించడం పెద్ద కారణమంటూనే, జనం తక్కువ ధరకు బ్యాటరీలు మార్పించుకోవడాన్ని కూడా కారణాల్లో ఒకటిగా చెప్పాడు. విన్నారా? పాత ఫోను పనికిరాదని అంతవరకూ అనుకున్నవాళ్ళు, 29 డాలర్లు పెట్టేసరికి మళ్ళీ దాన్నే హాయిగా వాడుకున్నారన్నమాట.

ఆ తరవాత చట్టాలూ కదిలాయి. ఐరోపా దేశాల్లో 2025 జూన్ 20 నుంచి అమ్మే కొత్తరకం ఫోన్లకు, అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్ళు విడిభాగాలు దొరకాలని నియమం పెట్టారు. మన ప్రభుత్వం 2022 జూలైలో దీనికోసం ఒక కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరులో రిపేరు వివరాలన్నీ ఒకచోట దొరికేట్టు ఒక పోర్టల్ కూడా ప్రారంభించింది. చట్టం బలంగా చేతికి అందేదాకా మాత్రం మన లెక్క మనమే వేసుకోవాలి.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ లలిత ఇంటికి వెళ్ళాను. అల్లుడు వేసిన కాగితమే తీసుకున్నాను. "బాబూ, కొత్త ఫోను కొంటే ఈ పాత వాయిదాలు ఎవరు కడతారు?" అని అడిగాను. "మనమే" అన్నాడు. "మరి పాతదాని పక్కన వేసిన ఆ 10,500 కొత్తదాని పక్కన ఎందుకు వెయ్యలేదు?"

కొంచెంసేపు ఆ కాగితాన్నే చూశాడు. బాగుచేయించినా ఆ ఏడు వాయిదాలు కట్టాలి, మూసీలో పారేసినా కట్టాలి. రెండువైపులా వుండేదాన్ని రెండువైపులా కొట్టేయొచ్చు. అప్పుడు మిగిలేది 6,200 ఒకవైపు, 16,500 ఒకవైపు. దుకాణం అబ్బాయి "నెలకు 1,375, మీరు కట్టేదానికన్నా తక్కువే" అన్నాడు చూడండి, ఏడు నెలలపాటు అది 1,500కు బదులు కాదు, 1,500 మీద 1,375. రెండూ కలిస్తే 2,875. జాకెట్టుకు వచ్చే కూలి ఎంతో లలితకు తెలుసు. ఆ మాట వినగానే ఆమె ముఖం మారిపోయింది.

అయినా అల్లుడి పక్షాన కూడా న్యాయం వుంది. బాగుచేయించింది మళ్ళీ నాలుగు నెలల్లో పోతేనో? ముప్పావలా కోడికి మూడు రూపాయల దిష్టి తీసినట్టు అవుతుంది కదా. అందుకని ఇంకో లెక్క వేశాం. కొత్త ఫోను నాలుగేళ్ళు, అంటే 48 నెలలు నడుస్తుందనుకుంటే, 16,500కు నెలకు 344 రూపాయలు పడుతుంది. 6,200 పెట్టి బాగుచేయించింది 18 నెలలు నడిచినా సరిగ్గా అదే 344. అంతకుమించి నడిచిన ప్రతి నెలా లాభమే. ఫోను వయసు అయిదు నెలలు. బ్యాటరీ బాగానే వుంది. దానికి సాఫ్ట్‌వేరు మార్పులు ఇంకో మూడేళ్ళు వస్తాయని కంపెనీ చెప్పింది. ఏడాదిన్నర నడవకపోవడానికి కారణం కనబడలేదు. అదే నాలుగేళ్ళ పాత ఫోనయి, బ్యాటరీ వుబ్బి, సాఫ్ట్‌వేరు ఆగిపోయి, బ్యాంకు యాప్‌లు మొరాయిస్తూ వుంటే, వాయిదాలున్నా లేకపోయినా కొత్తది కొనుక్కోమని నేనే చెప్పేదాన్ని. నీళ్ళలో పడి లోపలి బోర్డు దెబ్బతిన్నా అంతే. దానికి రిపేరు చేసినా నమ్మకం తక్కువ.

ఇంక ఎక్కడ చేయించాలి? జగదీష్ మార్కెట్టులో 2,800కే కాంబో వేస్తామన్నారు. నాకు ఆ బల్లల మీద గౌరవం లేక కాదు గాని, అంత తక్కువకు వేసేది కంపెనీ తెర కాదు, నకలు. పైగా లలిత ఫోనుకు మిగతా భాగాల గ్యారంటీ ఇంకా ఏడు నెలలుంది. బయట విప్పిస్తే అది పోయినట్టే. అందుకని ఈసారికి కంపెనీ సెంటరే నయమనుకున్నాం. గ్యారంటీ తీరిన ఫోనయితే నేను అబిడ్స్ ఆటో ఎక్కేదాన్నే. బిల్లు కూడా ఒకసారి వెతికి చూశాం. కొనేటప్పుడు దుకాణాలవాళ్ళు అడగకుండానే తెర బీమా అంటగడతారొక్కోసారి, మనకు గుర్తుండదు. లలిత బిల్లులో లేదు. మీ బిల్లులో వుందేమో చూసుకోండి.

ఫోను ఇచ్చేముందు సగం నల్లబడ్డ ఆ తెర మీదే తంటాలుపడి, కొలతలూ ఫోటోలూ అన్నీ వేరేచోట దాచిపెట్టుకుంది. సిమ్ము తీసి నా ఫోనులో వేసుకుంది. రెండు రోజులు నాకు ఫోను లేదు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో పన్లు ఎంత చురుగ్గా అయ్యాయో చెబితే మావారు నవ్వుతారు.

వరలక్ష్మీ వ్రతానికి ముందు గురువారం రాత్రి పదింటికి ఆఖరి జాకెట్టుకు హుక్కులు కుట్టింది. డబ్బు వచ్చినట్టు ఫోను చప్పుడు చేసింది. అల్లుడు ఏమీ అనలేదు గాని, మర్నాడు దానికి దళసరి కవరొకటి కొనుక్కొచ్చాడు. సర్వీసు సెంటరువాళ్ళు పగిలిన తెర తిరిగి ఇవ్వమన్నారట, అది వాళ్ళ నియమమట. అమ్మ మిషను మాత్రం ఇంకా కిటికీ పక్కనే వుంది. ఇప్పుడు దానికి మోటారు బిగించారు. సొరుగులో ఒక మూల, ఆనాడు వసూలాయన మార్చేసిన అరిగిన షటిలు ముక్క ఇప్పటికీ వుంది. అమ్మ ఎందుకు దాచిందో తెలియదు. ఫోనుకు ఇంకా నాలుగు వాయిదాలున్నాయి.